సోహాం సంఘపు తగవు

ఇంగ్లండులో కేంబ్రిడ్జికి ఈశాన్యంగా సోహాం అనే చిన్న ఊరున్నది. రైల్వేలో పనిచేసే మాబోటి వారికి ఆ పేరు వేరొక కారణంగా తెలిసి ఉండవచ్చు. 1944 జూన్ 2వ తేదీ రాత్రి బాంబులు నింపిన 51 వ్యాగన్ల గూడ్సు బండి ఆ స్టేషనును సమీపిస్తుండగా ఇంజను వెనుకనే ఉన్న మొదటి వ్యాగను అంటుకొన్నది. డ్రైవరు గింబర్ట్, ఫైర్‌మన్ నైటాల్ ఆ ఒక్క వ్యాగనును తక్కిన బండి నుండి ఊడదీసి ముందుకు లాగుకొని పోయినారు. అది స్టేషనులో పేలినది. నైటాల్, సిగ్నల్‌మన్ బ్రిడ్జెస్ మరణించినారు. తక్కిన 50 వ్యాగన్లూ ఊరూ దక్కినవి.

ఆ సంగతి అట్లుండనిండు. ఈ ఉగాది సంచికకు మేము ఎత్తుకొన్నది అంతకు 174 సంవత్సరాల ముందు, అనగా 1770లో, అదే సోహాంలో ఒక చిన్న బాప్టిస్టు సంఘంలో పుట్టిన తగవు. సభ్యుడొకడు తప్పతాగినాడు. వానిని మందలించబోయినవాడు పదహారేండ్ల కుర్రవాడు. దాని మీద మాట పెరిగి సంఘం రెండు పాయలైనది, కాపరి పదవి విడిచి పోవలసి వచ్చినది. మేము మెట్రిక్ ప్యాసయి రైల్వే గుమాస్తాగిరీలో చేరినవారమే గాని మతచరిత్రలో పండితులము కాము. అయినా ఈ తగవు మమ్ములను పట్టుకొని వదలలేదు. కారణమేమనగా, అది పోయిపోయి కటకానికీ, అక్కడి నుండి మన బరంపురానికీ వచ్చి చేరినది.

బాప్టిస్టులు అంటే శిశువులకు గాక, తెలిసి నమ్మినవారికే నీటిలో ముంచి బాప్తిస్మం ఇచ్చే క్రైస్తవులు. వారిలో ఊరి సంఘానికి పైన బిషప్పు లేడు, సర్కారు లేదు. కాపరిని పిలిచేదీ, పంపేదీ, సభ్యుని చేర్చుకొనేదీ, వెలివేసేదీ ఆ ఊరి సభ్యులే. ఇటువంటి ఏర్పాటులో ఎంత సుఖమున్నదో ఎంత కష్టమున్నదో, సంఘాలు నడిపిన మన కార్యదర్శులకు వేరే చెప్పనక్కరలేదు.

17వ శతాబ్దం నుండి ఈ బాప్టిస్టులలో రెండు శాఖలున్నవి. క్రీస్తు సకల జనుల కొరకు మరణించినాడన్నవారు సామాన్య బాప్టిస్టులు. దేవుడు ముందుగా ఎన్నుకొన్నవారి కొరకే మరణించినాడన్నవారు ప్రత్యేక బాప్టిస్టులు. ఈ రెండవవారు కాల్విన్ మార్గీయులు. జాన్ కాల్విన్ 1509లో ఫ్రాన్సులో పుట్టి, జెనీవాలో బోధించి, 1564లో మరణించినాడు. మనిషి తన బలంతో దేవుని వైపు తిరుగలేడు, తిరిగితే అది దేవుని కృపయే, ఆ కృప ఎవరికి కలగాలో దేవుడే అనాదిగా నిర్ణయించినాడు అన్నది ఆ మార్గపు సారం.

మన దేశంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. శ్రీవైష్ణవులలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండున్నవి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొని ఉంటుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లియే నోట కరచుకొని పోతుంది. జీవుడు దేవుని పట్టుకోవలెనా, దేవుడే జీవుని పట్టుకొనునా అని వడగలైవారూ తెంగలైవారూ తరతరాలుగా వాదించుకొన్నారు. కాల్విన్ మార్గీయులది పిల్లిపిల్ల పక్షమని చెప్పుకోవచ్చును. అయితే పోలిక అంతవరకే. తల్లి కొన్ని పిల్లలనే ఎత్తుకొని కొన్నింటిని వదలివేస్తుందన్న మాట మన న్యాయంలో లేదు. కాల్విన్ మార్గంలో ఉన్నది. చిక్కంతా అక్కడనే వచ్చినది.

ఎన్నిక దేవునిదే అయితే, ఎన్నిక కానివానితో "నీవు పశ్చాత్తాపపడు, నమ్ము" అని చెప్పడం సబబేనా? చేయలేనివానిని చేయమనడం వెక్కిరింత గాదా? కాల్విన్ స్వయంగా అందరికీ బోధించినవాడే. కాని 18వ శతాబ్దపు మొదట ఇంగ్లండులో కొందరు ఈ తర్కాన్ని చివరంటా లాగినారు. 1707లో జోసెఫ్ హస్సీ అనే బోధకుడు, కృపను ప్రకటించవచ్చునే గాని ఎవరికీ ఇస్తామని పిలువకూడదని గ్రంథమే వ్రాసినాడు. లండనులో బాప్టిస్టులకు పెద్ద దిక్కయిన జాన్ గిల్, జాన్ బ్రైన్ ఆ దారిని బలపరచినారు. (గిల్ అంత కఠినుడు కాడని వాదించే పండితులు ఇప్పుడున్నారు.) ఈ ఇద్దరిదీ పుట్టిన ఊరు కెటరింగ్. ఆ పేరు పాఠకులు గుర్తుంచుకోవలెను. 1737లో ఆ దగ్గరి రాత్‌వెల్ అనే ఊరి బోధకుడు మథియాస్ మారిస్ దీనికి ఎదురు తిరిగి, సువార్త విన్న ప్రతివానికీ నమ్మవలసిన విధి ఉన్నదని చిన్న పుస్తకం వేసినాడు. అప్పటి నుండి దీనికి "నవీన ప్రశ్న" అని పేరు పడినది.

ఆ కాలంలో సోహాం సంఘ కాపరి జాన్ ఈవ్. మొదట జల్లెడలు చేసి బ్రతికినవాడు. ఆయన గిల్ బాటవాడే. ఆదివారం బోధలో ఎన్నికైనవారికి ఓదార్పు దొరికేది గాని, తక్కినవారితో ఆయన మాట్లాడేది దాదాపు ఏమీ లేదు. ఆ తక్కినవారిలో ఆండ్రూ ఫుల్లర్ అనే పిల్లవాడొకడు. 1754 ఫిబ్రవరి 6న పక్కనున్న వికెన్‌లో పాడిరైతుల ఇంట పుట్టినాడు. ఒడ్డూ పొడుగూ గల మనిషి, కుస్తీలో చేయి తిరిగినవాడు. ప్రతి ఆదివారం తల్లిదండ్రుల వెంట పోయి గుడిలో కూర్చొనేవాడు. పైనుండి మాట్లాడే పెద్దమనిషి తనతో ఒక్కమాట కూడా మాట్లాడడం లేదని ఆ పిల్లవానికి చాలాకాలం తోచనే లేదు. ఇది తలచుకొంటే మాకు కష్టంగా ఉంటుంది. తిట్టినా, భయపెట్టినా వేరు. బెంచీ మీద కూర్చున్నవాడు అక్కడ లేనట్టే బోధ సాగిపోవడం వేరు.

పద్నాలుగు పదిహేనేండ్లు వచ్చేసరికి ఫుల్లర్‌కు పాపభీతి పట్టుకొన్నది. క్రీస్తు దగ్గరకు పోవలెనని ఉన్నది, కాని పోయే అర్హత తనకున్నదో లేదో తెలియదు. లోపల ఏదో ఒక గుర్తు, ఒక అనుమతి ముందుగా కనబడితేనే నమ్మవచ్చునని ఆ సంఘంలో అనుకొనేవారు. దానిని వారు వారెంటు అన్నారు. ఈ మాట చూచి మాకు నవ్వు వచ్చినది. మిలిటరీవారు వారెంటు తెచ్చి చూపి టిక్కెట్టు పుచ్చుకొనే పద్ధతి మా కౌంటరులో ఎరుగుదుము. వారెంటు లేనివాడు డబ్బు పెట్టి కొనవలసినదే. ఫుల్లర్ చిక్కు అంతకంటె పెద్దది. వారెంటు లేదు, డబ్బూ లేదు, బండి మాత్రం ఎక్కితీరవలెను. 1769 నవంబరులో ఆయన తెగించినాడు. బైబిలులో ఎస్తేరు రాణి పిలుపు లేకుండా రాజసభకు పోయినట్లు, నశిస్తే నశిస్తానని పోయినాడు. పోయిన తరువాత గాని, అటువంటి వారెంటు అసలు ఎవరూ అడుగలేదని తెలియలేదు. 1770 వసంతంలో బాప్తిస్మం పొంది సంఘంలో చేరినాడు.

ఆ సంవత్సరం శరత్కాలంలోనే తగవు వచ్చినది. సభ్యుడొకడు తాగి పడిపోతున్నాడని తెలిసి, ఫుల్లర్ వాని ఇంటికి పోయి ఇది తప్పని చెప్పినాడు. ఆ మనిషి ఎదురు చెప్పినాడు: తనను తాను కాపాడుకొనే శక్తి తనలో లేదు, తాగకుండా ఉండడం తన వశం కాదు. వాడు కొత్తగా ఏమీ కల్పించలేదు. ప్రతి ఆదివారం గుడిలో విన్నదే తిరిగి అప్పజెప్పినాడు! ఫుల్లర్‌కు ఇది మింగుడుపడలేదు. లోపలి మాట ఎట్లున్నా, కళ్ళెదుటి ఇటువంటి పనులు మానుకొనే శక్తి మనిషికున్నది, ఇది వట్టి సాకు అన్నాడు. తరువాత సంగతిని కాపరి ఈవ్‌గారికి చెప్పినాడు. ఆయన మెచ్చుకొన్నాడు. మనిషికి ఆత్మ సంబంధమైన మేలు చేసే శక్తి స్వతహాగా లేదు గాని, పైకి కనబడే నడవడిలో దేవుని ఆజ్ఞకు లోబడే శక్తి ఉన్నది, లేకపోతే పాపమని ఎవరినీ అనడానికి వీలుండదు అని సమాధానం చెప్పినాడు.

తాగినవానిని సంఘం వెలివేసినది. దానిలో భేదాభిప్రాయం లేదు. కాని కాపరి చెప్పిన ఆ సమాధానం మీద సభ్యులు లేచినారు. మనిషికి ఏ కొంచెం శక్తి ఉన్నదన్నా కృపకు లోటు వచ్చినట్లేనని వారి పట్టు. భక్తులు తమను పాపం నుండి కాపాడుమని దేవుని వేడుకొన్నారు గదా, తమకే శక్తి ఉంటే వేడుకోవడం ఎందుకని అడిగినారు. ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. ఆ పక్షంవారిని మూర్ఖులుగా చిత్రించిన వ్రాతలు మేము కొన్ని చూచినాము, మాకవి నచ్చలేదు. మనిషి గర్వానికి చోటు ఇయ్యరాదన్న భయం మంచి భయమే. ఫుల్లర్‌కు గూడా వారికి వెంటనే చెప్పడానికి జవాబు లేకపోయినది. ఇతడు చిన్నవాడు, ఇంకా పాలు తాగే వయస్సు అని సంఘం అతనిని క్షమించినది. కాపరి మాత్రం తెలిసినవాడు, ఆయనకు క్షమాపణ లేకపోయినది. ఏడాది పాటు ఆ ఊరిలో మాటలు నడచినవి. 1771 అక్టోబరులో ఈవ్ పదవి విడిచి వెళ్ళినాడు. అదే నెలలో లండనులో జాన్ గిల్ మరణించడం ఒక విచిత్రం.

ఆ ఏడాదిని ఫుల్లర్ ముసలితనం వరకు చేదుగా తలచుకొన్నాడు. అయితే తనకు వేదాంతం నేర్పినది కూడా అదేనన్నాడు. పెద్ద చదువు ఆయనకు లేదు. కాలేజీ మెట్టు ఎక్కలేదు.

కాపరి లేని సంఘాన్ని జోసెఫ్ డైవర్ అనే పెద్దవాడు కొంతకాలం నడిపినాడు. ఫుల్లర్‌ను అప్పుడప్పుడు మాట్లాడమనేవారు. అలా మొదలై, 1775 మే నెలలో ఆ కుర్రవానినే కాపరిగా నిలిపినారు. ఏ మాటకు ఈవ్‌ను పంపినారో ఆ మాటను మొదట తెచ్చినవాడే ఆయన పీఠం ఎక్కినాడు. ఆ సంఘం ఇచ్చే జీతం ఏడాదికి 13 పౌన్లు. దానితో ఇల్లు గడవక చిల్లర దుకాణం పెట్టినాడు, బడి పెట్టినాడు. రెండూ గిట్టలేదు.

ఆ సంవత్సరమే లండను పోయినప్పుడు అబ్రహాం టేలర్ అనే పండితుడు నవీన ప్రశ్న మీద వ్రాసిన చిన్న పుస్తకం చేతికి వచ్చినది. బాప్తిస్మమిచ్చు యోహానూ, క్రీస్తూ, అపొస్తలులూ భక్తిలేనివారితో సూటిగా మాట్లాడిన చోట్లు అందులో ఎత్తి చూపినారు. దీనికి ఫుల్లర్ దగ్గర జవాబు లేదు. అర్నెస్బీ కాపరి రాబర్ట్ హాల్, అమెరికాలోని జొనాథన్ ఎడ్వర్డ్స్ వ్రాసిన ఇచ్ఛాస్వాతంత్ర్య గ్రంథాన్ని చదవమన్నాడు. ఫుల్లర్ తెచ్చుకొని చదివినది కేంబ్రిడ్జికి చెందిన వేరొక ఎడ్వర్డ్స్ పుస్తకం! పొరపాటు 1777లో గాని బయటపడలేదు. పార్సిలు ఒక పేరు వారికి రావలసినది అదే పేరుగల ఇంకొకరికి పోవడం మా ఆఫీసులో జరిగే పనే. వేదాంతంలోనూ జరుగుతుందని ఇప్పుడే తెలిసినది.

అసలు ఎడ్వర్డ్స్ దగ్గర ఆయనకు సోహాం తగవుకు తాళంచెవి దొరికినది. చేయలేకపోవడం రెండు విధాలు. కాళ్ళు లేనివాడు లేచి నడవలేడు. అలిగి మంచమెక్కినవాడూ లేవడు, ఎంత పిలిచినా లేవలేడు, కాని వాని కాళ్ళకు ఏమీ కాలేదు, వాని మనస్సే అడ్డం. మొదటివానిని నిందించడం అన్యాయం. రెండవవానిని లేవమని పిలువడం న్యాయమే, పిలువకపోవడమే తప్పు. మనిషి దేవుని వైపు తిరుగలేకపోవడం ఈ రెండవ జాతిది. అతని మనస్సును తిప్పేది కృపయే అన్న కాల్విన్ మాట చెడలేదు; అందరినీ పిలువవలసిన విధీ నిలిచినది. నిద్రపోయేవానిని లేపవచ్చు, నిద్ర నటించేవానిని లేపలేమని మనవారంటారు. లేపలేకపోయినా పిలువడం మానరాదన్నది ఫుల్లర్ సిద్ధాంతమని మేము అర్థం చేసుకొన్నాము.

ఆయన తొందరపడలేదు. 1781 ప్రాంతంలో వ్రాసుకొన్నది 1785లో గాని అచ్చు వేయించలేదు. సర్వాంగీకారానికి తగిన సువార్త అని దాని పేరుకు అర్థం. ఈలోపల సోహాంలో ఆయన బోధ మారుతూ వచ్చినది, పాతవారిలో కొందరికి అది కిట్టలేదు. కెటరింగ్ సంఘం రమ్మన్నది. సోహాంలో అప్పటికి ఉన్న సభ్యులు నలభైమంది కంటె ఎక్కువ లేరు. వారిని విడిచిపోవచ్చునా అని ఆయన ఏండ్లతరబడి మథనపడినాడు. ఒక దేశాన్ని అప్పగించేవారైనా ఇంత ఆలోచించరని స్నేహితులు ఆశ్చర్యపడినారు. చివరకు 1782 అక్టోబరులో వెళ్ళినాడు. మరుసటి ఏడు కెటరింగ్ సంఘం ఎదుట తన విశ్వాసాన్ని చదివినప్పుడు, వినే ప్రతివానికీ సువార్తను సూటిగా చెప్పడం బోధకుని విధి అని అందులో చేర్చినాడు. గిల్, బ్రైన్ పుట్టిన ఊరిలో ఆ మాట చెప్పినాడు.

పుస్తకానికి రెండు వైపుల నుండి దెబ్బలు తగిలినవి. లండనులో విలియం బటన్, ఇది కాల్విన్ మార్గాన్ని చెడగొట్టినదన్నాడు. సామాన్య బాప్టిస్టుల నాయకుడు డాన్ టేలర్, ఇంతదూరం వచ్చినవాడు కాల్విన్‌ను పూర్తిగా విడువడేమన్నాడు. ఫుల్లర్ ఇద్దరికీ జవాబు వ్రాసినాడు, తన చోటు వదలలేదు. డాన్ టేలర్ పేరు గూడా పాఠకులు గుర్తుంచుకోవలెను.

తరువాతి కథ చాలామంది ఎరిగినదే గనుక క్లుప్తంగా చెప్పుతాము. పిలువవలసిన విధి పక్కింటివానికి ఉన్నప్పుడు సముద్రం అవతలివానికి ఎందుకుండదని అడిగినవాడు చెప్పులు కుట్టుకొని బ్రతికే యువకుడు విలియం కేరీ. దేవుడు అన్యులను మార్చదలిస్తే నీ సాయం లేకుండానే చేస్తాడు, కూర్చో అని పెద్దాయన రైలాండ్ అతనిని గద్దించినాడని కథ ఉన్నది. ఆ పెద్దాయన కొడుకే అది నిజం కాదన్నాడు. 1792లో కేరీ తన పుస్తకం వేసినాడు. ఆ ఆగస్టులో ఫుల్లర్ భార్య సారా మతి చలించి మరణించినది. అక్టోబరు 2న కెటరింగ్‌లో వాలిస్ అనే వితంతువు ఇంటి వెనుక గదిలో పద్నాలుగుమంది కూడి బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించినారు. చందాలకు ఒప్పుకొన్న మొత్తం 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. సోహాంలో ఫుల్లర్ ఏడాది జీతానికి ఇది అర్ధపావు పౌను మాత్రమే ఎక్కువ. లెక్కలు చూచే వృత్తి గనుక మా కన్ను అక్కడ ఆగినది. ఫుల్లరే కార్యదర్శి. 1815 మే 7న చనిపోయేవరకు ఆ పని చేసినాడు. చందాల కొరకు స్కాట్లండు అయిదుసార్లు తిరిగినాడు, ఇండియా మాత్రం చూడలేదు.

కేరీ 1793 నవంబరులో కలకత్తా చేరినాడు, 1800లో శ్రీరాంపురంలో స్థిరపడినాడు. 1812 మార్చి 11న అక్కడి అచ్చుకూటం కాలిపోయినప్పుడు ఆయన తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి గూడా కాలిపోయినది. ఇంగ్లండులో ఫుల్లర్ రెండు నెలలలోపలే నష్టానికి సరిపడ సొమ్ము కూడబెట్టినాడు. కేరీ మళ్ళీ మొదటి నుండి వ్రాసిన తెలుగు వ్యాకరణం 1814లో, శ్రీరాంపురపు తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడినవి. ఆ తర్జుమా ఎక్కువకాలం నిలువలేదు, తరువాతివి దాని చోటు పుచ్చుకొన్నవి. నెల్లూరు, ఒంగోలులలో పనిచేసిన అమెరికా బాప్టిస్టులది వేరే సొసైటీ; ఫుల్లర్ రచనలను అమెరికా బాప్టిస్టులు విరివిగా చదివినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందినారు.

ఇక మన ఒడిశా. కాల్విన్ మార్గీయులు సొసైటీ పెట్టి సముద్రం దాటుతుంటే సామాన్య బాప్టిస్టులు చూస్తూ ఊరుకోలేదు. వీరి సిద్ధాంతం ప్రకారం క్రీస్తు అందరి కొరకు మరణించినవాడు; అందరినీ పిలువడానికి వీరికి ఫుల్లర్ వాదం అవసరమే లేదు. అయినా కదలినది వీరే వెనుక. డాన్ టేలర్ మరణించిన 1816లోనే వారు తమ మిషనరీ సొసైటీని స్థాపించుకొన్నారు. వారు పంపిన విలియం బాంప్టన్, జేమ్స్ పెగ్స్ శ్రీరాంపురం వచ్చి, అక్కడివారి సలహా మీద 1822 ఫిబ్రవరిలో కటకం చేరినారు. ఇంగ్లండులో పుస్తకాల మీద పుస్తకాలు వేసి వాదించుకొన్న రెండు శాఖలవారు ఇక్కడ ఒకరికొకరు దారి చూపుకొన్నారు. ఇంగ్లండులో ఆ రెండు సొసైటీలు 1891లో గాని ఒకటి కాలేదు.

కటకంలో, పూరీలో అయిదేండ్లు తిరిగినా వారి మాట విన్నవారు లేరు. గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గాని ఇటు రాలేదు. ఆ గంజాంలోని బరంపురంలో 1827 డిసెంబరు 25న బాంప్టన్ తన మొదటి బాప్తిస్మం ఇచ్చినాడు. తీసుకొన్నవాడు తెలుగువాడు. దొరలు తమ వ్రాతలో పేరును ఎరన్ అని వేసినారు. మన నోట అది ఎఱ్ఱన్న అయి ఉంటుందని మా ఊహ. ఒడియావారిలో మొదటివాడైన గంగాధర సారంగి కటకంలో బాప్తిస్మం పొందినది 1828 మార్చిలో, అనగా మనవాని తరువాత మూడు నెలలకు.